మామ అరచేతి మీద సానరాయి

మా మేనమామ పోయిన సంగతి అత్త ఫోన్‌లో చెప్పింది. పొద్దున్నే అలిపిరి దగ్గర నా సెలూన్ షట్టర్ ఎత్తుతున్నాను. "మీ మామ పోయినాడప్పా. కత్తి తీసుకోని రా," అంది. మొదటి మాటకు ఏడుపు వచ్చింది. రెండో మాటకు షట్టర్ సగంలోనే వదిలేశాను. సిగ్గు విడిచి మీతో చెబుతున్నాను, ఆ క్షణాన దుఃఖం కన్నా భయమే ఎక్కువైంది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పోయిన మగవాళ్ళకు చివరి గడ్డం ఇంటి మనిషే గీయాలి, అదీ తాత నాటి మంగలికత్తితోనే. విరిచి పారేసే బ్లేడు పనికిరాదు. మామకు పిల్లలు లేరు. రెండేళ్ళ కిందట ఆ కత్తి నా చేతిలో పెట్టి, నాకు గీయాల్సింది నువ్వే అన్నాడు.

నేను బ్లేడు కాలం మనిషిని. కత్తి నూరడం ముప్పై అయిదేళ్ళు దాటాక మొదలుపెట్టాను. షాపు మూసే మంగళవారాల్లో బస్సెక్కి కార్వేటినగరం వెళ్ళేవాణ్ణి. వెళ్ళేసరికి మామ బనియన్ వేసుకుని వాకిట్లో కూర్చుని, సానరాయి తడిపి తన ఎడమ అరచేతిలో పెట్టుకుని ఉండేవాడు. బల్ల మీద పెట్టనిచ్చేవాడు కాదు. కత్తి వెన్నూ, పదునుండే వాదరా రెండూ రాయికి ఆనించి, ఆయన చేతి మీదే నూరాలి. రాయి చివరికి వచ్చాక కత్తిని పైకెత్తకుండా వెన్ను మీదే దొర్లించి తిప్పాలి. ఆ తిప్పేటప్పుడే నా ప్రాణం పోయేది. రాయి అంచున ఆయన వేళ్ళు ఉండేవి మరి. భయంతో బిగించి పట్టేవాణ్ణి. బిగిస్తే మణికట్టు వంగేది, చూపుడువేలు భారం వేసేది, వాదర ఒక పక్కే అరిగేది.

"కత్తికి దాని బరువు ఉండాది. నీ బరువు దేనికప్పా?" అనేవాడు. నేను నొక్కితే ముందు తెలిసేది ఆయన అరచేతికే.

ఒక మంగళవారం కత్తి జారి ఆయన బొటనవేలు తెగింది. రక్తం రాయి మీది నీళ్ళలో కలిసింది. ఇక నా వల్ల కాదని లేచి నిలబడ్డాను. మామ వేలికి పసుపు అద్ది, గుడ్డ చుట్టి, మళ్ళీ అదే చేతిలో రాయి పెట్టుకున్నాడు.

"భయపడు. భయం లేనోడికి గడ్డం ఇయ్యకూడదు. భయపడతానే వేళ్ళు వదులుగా పెట్టు, సూద్దాం," అన్నాడు.

భయపడుతూనే కూర్చున్నాను. మామకున్న ఓపిక ఇంకొకరికి ఉంటుందని నేను అనుకోను.

నూరాక పరీక్ష కూడా తన ఒంటి మీదే. ఎడమ ముంజేతి మీద కత్తి ఆనించేవాడు. నొక్కకుండా వెంట్రుక రాలితే తల ఊపేవాడు. రాలకపోతే అత్తను కాఫీ పెట్టమని చెప్పి, మళ్ళీ రాయి తడిపేవాడు. ఆ చోట రూపాయి బిళ్ళంత మేర ఎప్పుడూ నున్నగా ఉండేది. మీ మామ మొక్కుకుని చేతికి గుండు కొట్టించుకున్నాడని అత్త ఎగతాళి చేసేది.

ఆయన జబ్బు పడ్డ మూడు నెలలూ నా మంగళవారాలు ఆసుపత్రికే సరిపోయాయి. కత్తి నూరలేదు. ఇప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంటే ఒకటే ఆలోచన. బతికున్నవాడికి తెగితే అబ్బా అంటాడు, మన తప్పు మనకు తెలుస్తుంది. పోయినవాడు ఏమీ అనడు. ఎంత తెగినా ఊరుకుంటాడు. దారి పొడుగునా నన్ను భయపెట్టింది అదే.

మామ ఇంటికి చేరి, రాయి బల్ల మీద పెట్టి నూరబోయాను. కత్తి కీచుమంది. బంధువులంతా చూస్తున్నారు. చివరికి రాయిని నా ఎడమ అరచేతిలోకి తీసుకున్నాను. కత్తి ఒక్కసారి లాగగానే నా బరువంతా నాకే తగిలింది. ఇంత భారం అన్ని మంగళవారాలూ మోశాడా అనుకున్నాను. వేళ్ళు వదులు చేశాను. మెల్లగా చప్పుడు సన్నబడింది.

కత్తిని తోలుపట్టీ మీద లాగి మామ పక్కన కూర్చున్నాను. భయం పోలేదు. అలవాటు కొద్దీ ముందు ఆయన ఎడమ చెయ్యి అందుకున్నాను. ఆ నున్నటి చోట మూడు నెలల వెంట్రుకలు మొలిచి ఉన్నాయి, కొన్ని తెల్లవి. కత్తి ఆనించాను, నొక్కలేదు. వెంట్రుకలు రాలి దుప్పటి మీద పడ్డాయి.

తల ఊపడానికి మామ లేడు. అత్త వంగి, నున్నగా అయిన ఆ చోటును వేలితో తడిమి చూసింది.

"ఇంక గియ్యప్పా," అంది.