ఉప్పు వదిలి నీళ్లు తాగింది

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. మాది చర్చికి పోయే కుటుంబం. నేను చదివింది కెమిస్ట్రీ, చేసేది మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం. రోజంతా సున్నపురాయిలో ఏది ఎంతుందో తేల్చడమే నా పని. కాబట్టి ఇది చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మేం కిరాయికి దిగిన ఇంటి యజమానురాలు లక్ష్మమ్మ. వెనక వాటాలో ఉండేది. నీళ్ల దగ్గర ఆమె పిసినారితనం ఇంతా అంతా కాదు. అన్ని బట్టలు ఎందుకు ఉతుకుతారు, పిల్లకు రోజూ తలస్నానం ఎందుకు అని నా భార్య సుజాతను సాధించేది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ మేమంటే ఎవరికో గిట్టదని అనిపించేది. ఆ ఎవరో లక్ష్మమ్మే అనుకున్నాం.

నాకున్న ఒకే పిచ్చి సముద్రపు చేపలు. మా నాలుగేళ్ల మిన్ను కోసమని చెప్పి, నిజానికి నా కోసమే, హాల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టాను. ఒక మూల నేల మీద నాలుగు తుప్పు మరకలున్నాయి, ఇనుప మంచం కోళ్లవి. అక్కడ నేల చదునుగా ఉందని స్టాండు సరిగ్గా వాటి మీదే నిలిపాను. ఫిల్టరు నీళ్ల క్యాన్లు తెప్పించి, సముద్రపు ఉప్పు కలిపి, రాళ్లు పేర్చి, నీళ్లు కుదురుకునే దాకా వారాల తరబడి ఆగి, అప్పుడు పగడాలు దించాను. చివరికి ఒక జత క్లౌన్ చేపలు తెచ్చాను. మిన్ను వాటికి అన్న, చెల్లె అని పేర్లు పెట్టింది.

ఇలాంటి తొట్టిలో ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అందులోనే మిగిలిపోతుంది. అందుకే తగ్గినంత మేరకు మంచినీళ్లే పోయాలి. అదే తొట్టి కారితే నీళ్లతో పాటు ఉప్పూ పోతుంది గనుక ఉప్పు శాతం మారదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

వానలు పడుతున్న రోజుల్లో మా తొట్టిలో నీళ్లు తగ్గడం మొదలైంది. మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి జానెడు కిందికి పోయేవి. తొట్టి కారుతోందనుకుని నేలంతా తడిమితే చుక్క తడి లేదు. ఉప్పు శాతం చూస్తే పైకెక్కి కూర్చుంది. అంటే మంచినీళ్లు మాత్రమే పోతున్నాయి. బయట ముసురు, గోడలే తడిగా ఉన్నాయి, అంత ఆవిరయ్యే వీలే లేదు. ఉప్పు చూసే పరికరాన్ని ల్యాబుకు పట్టుకెళ్లి సరిచూశాను. అందులో ఏ తప్పూ లేదు.

నింపితే తగ్గేవి. ఎక్కువ పోస్తే ఎక్కువ తగ్గేవి. పగడాలు ముడుచుకుపోయి తెల్లబడ్డాయి. చేపలు రెండూ పంపు వెనక నక్కి ఉండేవి, మిన్ను మేత వేసినా ముందుకు వచ్చేవి కావు. పిల్ల ఏడుస్తుంటే నాకు భయం కాదు, కోపం వచ్చింది. ఒక సాయంత్రం గాజుపలక తెచ్చి తొట్టి మీద కప్పి, గాలిగొట్టానికి మాత్రం సందు వదిలి, అంచుల వెంట టేపు వేశాను. "ఇప్పుడు తాగు చూద్దాం" అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు.

తెల్లారి చూస్తే నీళ్లు రాత్రి నేను గాజు మీద గీసిన గీత దగ్గరే ఉన్నాయి. గెలిచాననుకుంటుండగా లోపలి గదిలోంచి సుజాత కేక వేసింది.

మిన్ను లేవడం లేదు. పెదవులు పగిలాయి, నాలుక చెక్కలా ఎండింది, కళ్లు గుంటలు పడ్డాయి. జ్వరం లేదు, వాంతులు విరేచనాలు లేవు. రాత్రి కడుపునిండా తిని, నీళ్లు తాగి, నవ్వుతూ పడుకున్న పిల్ల అది.

కోదాడలో పిల్లల దవాఖానకు తీసుకెళ్లాం. రక్త పరీక్ష చూసి డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "పిల్లకు ఉప్పునీళ్లేమన్న తాగిపిచ్చిండ్రా?" అని నిలదీశాడు. ఒంట్లో నీళ్లు పోయాయట, రక్తంలో ఉప్పు మిగిలిపోయిందట. ఇన్నాళ్లుగా తొట్టిలో నేను చూస్తున్నది అదే. పిల్లకు ఆ తొట్టి అందదు, నేను వేసిన టేపు ఊడలేదు. డాక్టరుకు ఏం చెప్పను? మిన్ను కళ్లు తెరిచి "నాయినా, నీళ్లు" అనేదాకా నాలో ప్రాణం లేదు.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి ముందు గాజుపలక పీకేశాను. తర్వాత వెనక వాటాకు పోయి, హాల్లో మంచం కోళ్ల మరకలున్న ఆ మూల ఎవరు పడుకునేవారని అడిగాను.

లక్ష్మమ్మ చీపురు ఆపకుండానే చెప్పింది. "మా అత్త. కాళ్లు చచ్చువడి మంచంల వడ్డది. నీళ్లు వోస్తె పక్క తడుపుతది, రోజూ ఎవలు కడగాలె సారూ? పొద్దుగాల ఓ గిలాస, మాపటికి ఓ గిలాస ఇచ్చెటోళ్లం. అడిగి అడిగి ఆఖరికి అడుగుడు బంద్ వెట్టింది."

మనిషి పోయిన చోట పెద్దకర్మ దాకా దీపం, చెంబుతో నీళ్లు పెడతారు, పోయినవాళ్లు వచ్చి తాగుతారని. మా ఇళ్లల్లో ఆ ఆచారం లేదు గానీ చూసినవాణ్నే. చెంబు పెట్టలేదా అని అడిగాను.

"పెట్టకేం, పెట్టినం. ఎంత వోసినా జరసేపట్ల ఎండిపోయేది. ఉన్నప్పుడు సతాయించింది, సచ్చినంక గూడ సతాయించుడేనా? యాష్టకొచ్చి చెంబు తీసేసిన."

ఆమె గొంతులో భయం లేదు, విసుగే ఉంది. ఆ ఇంట్లో నాకు అన్నిటికంటే అసహ్యం వేసింది ఆ విసుగు చూసే.

మిన్ను కోలుకుంది. దాన్ని మళ్లీ ఆ గడప తొక్కనివ్వలేదు. అన్న, చెల్లె బతకలేదు. ఫ్యాక్టరీ క్వార్టర్సుకు సామాను ఎక్కిస్తున్న రోజు, చర్చిలో పాటలు పాడే మా సుజాత బోరు నీళ్లు బిందెనిండా పట్టి ఆ నాలుగు మరకల మధ్య పెట్టింది. బండి నిండాక తాళం వేద్దామని లోపలికి పోతే బిందె ఖాళీగా ఉంది. చుట్టూ నేల పొడిగా ఉంది. బిందె లోపల తెల్లటి పొడి అంటుకుని ఉంటే వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాను. మా బోరు నీళ్లలో ఉండే ఉప్పు.

ఇది ఏమిటో నాకు ఇప్పటికీ తేలలేదు. తొట్టి సంగతి ఒకవేళ నా లెక్క తప్పే అనుకున్నా, పిల్ల రక్తానికి ఏ లెక్క చెప్పాలో తెలియదు. క్వార్టర్సులో మళ్లీ తొట్టి పెట్టలేదు.

ఆ ఇంట్లోకి మా తర్వాత దిగినవాళ్లు ఆ మూలలో ఏడాది పాపకు ఉయ్యాల కట్టారని విన్నాను. నంబరు సంపాదించి ఆ తండ్రికి ఫోన్ చేసి అంతా చెప్పాను. అతను మర్యాదగానే విని, చివరికి నవ్వాడు. నవ్వితే నవ్వండి గానీ, ఉయ్యాల కింద రోజూ బిందెడు నీళ్లు పెట్టండి, మీద మూత మాత్రం పెట్టకండి అన్నాను.