పసుపు కోసం వదిలిన మూల

2001 ఫిబ్రవరి, గురువారం, ధర్మవరం. ఉన్నవారు: సరళా మేడమ్, పట్టుచీరల వ్యాపారి ఓబులేసు, ఆయన తల్లి గంగమ్మవ్వ, నేను.

నా పాత డైరీలో ఆ రోజు పై మాటలతో మొదలవుతుంది. ఇన్నేళ్ల తరువాత, ఈ ఉదయం వాన వెలిశాక పెరట్లో చేమాకు మీది నీటిచుక్క ఆకును తడపకుండానే దొర్లి నా పాదం మీద పడింది. ఆ చల్లదనానికి మేడమ్ గుర్తొచ్చి ఆ డైరీ తీశాను.

హిందూపురంలోని ఒక బట్టల మిల్లులో ఆమె ల్యాబు అధికారి, నేను సహాయకుణ్ణి. ఆమె ఊరు రొళ్ల. నాకన్నా చిన్నది, నేను "మేడమ్" అంటే ఆమె "ఏమప్పా" అనేది. నీళ్లూ నూనే అంటని పట్టుబట్ట తయారు చేయడం ఆమె పెట్టుకున్న పని. ల్యాబు కిటికీలో కుండీలో చేమమొక్క పెంచేది. ఒకసారి ఆకు మీద నీళ్లు చల్లింది, దొర్లిపోయాయి. శెనగనూనె వేసింది, ఆకంతా పరుచుకుంది. "చూడప్పా, ఈ ఆకు నీళ్లను పొమ్మంటాది, నూనెను రమ్మంటాది. మనకు రెండూ పోవల్ల" అంది. బట్టకు పట్టించే మందు పూత పల్చనైతే నూనె ఇంకేది, మందమైతే పట్టు అట్టలా బిగుసుకునేది. ప్రతి పూతనూ ముందు తన చీర మీదే పరీక్షించుకునేది. క్యాంటీనులో సాంబారు ఒలికితే దులుపుకుని లేచేది. మేము బాతు అని నవ్వితే, "బాతే లేప్పా, ఈకలు మాత్రం హిందూపురంలో చేసినవి" అనేది.

ఏళ్లు గడిచాయి. ధర్మవరంలో ఒక్క వ్యాపారైనా ఈ పూతకు ఒప్పుకోకపోతే ల్యాబు మూసేస్తానని యజమాని తేల్చి చెప్పాడు. ఓబులేసు ఒక షరతు పెట్టాడు: తన కూతురి పెళ్లిచీర మీద చేసి చూపాలి, అది తల్లికి నచ్చాలి.

ఆ గురువారం పొద్దున వాళ్లింట్లో చీర పరిచాం. నీళ్లు, నూనె రెండూ జారిపోయాయి. ఓబులేసు మురిసిపోయాడు. గంగమ్మవ్వ మాత్రం కొత్తబట్టకు పసుపు పెట్టాలని, తడిపసుపు వేలితో కొంగు మూల అద్దింది. పసుపు చుక్కలై రాలింది. మళ్లీ అద్దింది, మళ్లీ రాలింది.

"ఏందమ్మా ఇది? పసుపు నిలవని చీర పాపకు ఎట్ల కట్టేది?"

"మరక పడకూడదనే కదవ్వా" అన్నాను నేను.

"పసుపు మరకా? నీ పెండ్లిలో నీకు మరకలే పూసినారా అప్పా?"

మేడమ్ వాదించలేదు. "ఇంకో చీర ఇయ్యండి. రేపొద్దున వస్తామవ్వా" అంది.

హిందూపురం తిరుగు రైలు పెనుకొండలో ఆగింది. అక్కడ టీ చేతికొచ్చాక మేడమ్ అంది: "తప్పు మనదేనప్పా. ఆకైనా ఒకదాన్ని రానిస్తాది. మనం ఎవరినీ రానీలేదు."

మధ్యాహ్నం ల్యాబులో, రెండో చీరను ముంచేటప్పుడు కొంగు మూల మందులో మునగకుండా నేను పైకి పట్టుకున్నాను. "తడి పైకి పాకుతాది, ఆగు" అని మేడమ్ ఆ మూలను ప్లాస్టిక్ కవరులో పెట్టి, అద్దకం వాళ్లు రంగు అంటకుండా కట్టినట్టు దారంతో బిగించింది. ఇప్పటికీ ఏ పనైనా పూర్తయిందనిపించినప్పుడు, దాని మీద ఎవరి వేలు పడుతుందో ఒకసారి ఆలోచిస్తాను. అది ఆమె నేర్పిన అలవాటు.

మరుసటి పొద్దున అవ్వ తలనూనె సీసా తెచ్చి చీర నడుమ చుక్క వేసింది. అది గుండ్రంగా నిలబడి జారిపోయింది. తరువాత కొంగు మూల పసుపు అద్దింది. పసుపు ఇంకి, పచ్చగా నిలిచింది.

"ఓబులేసూ, మడత పెట్టు. పాపకు ఇదే" అంది అవ్వ.

అదే వేలితో ఆమె మేడమ్ కొంగుకూ పసుపు పెట్టబోయింది. అది జారి గచ్చు మీద పడింది.

"నీకూ ఒక మూల ఇడిసిపెట్టుకోవల్ల కదమ్మా!" అని, వేలికి మిగిలిన పసుపును మేడమ్ చెంపకు రాసింది.