గ్రబ్ మెనూ కూత పెట్టిన రోజు

2022 వానాకాలం. అప్పటికి కార్ఖానా అనే పేటలో నా కంప్యూటర్ రిపేరు షాపుకు పదకొండేళ్లు. విండోస్‌కు బదులు వాడే లినక్స్ బాగా తెలిసినవాడినని చుట్టుపక్కల పేరుండేది. ఆ పేరు కాస్త నెత్తికెక్కింది కూడా.

నేరేడ్‌మెట్‌లో ఉండే దేవదానం గారు ఒక స్కూలు ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తూ నలభై దాటాక చూపు పోగొట్టుకున్నారు. రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాక స్క్రీన్ రీడర్ నేర్చుకున్నారు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రామ్ అది. ఆయన కొన్న పాత డెస్క్‌టాప్‌లో లినక్స్‌తో పాటు దాన్ని వేసిచ్చాను. ముందునుంచీ ఉన్న విండోస్‌ను ఆయన భార్య కోసం అలాగే ఉంచాను.

కంప్యూటర్ ఆన్ చేయగానే ఏ సిస్టమ్‌లోకి వెళ్లాలో తేల్చేది బూట్‌లోడర్. లినక్స్‌లో దాని పేరు గ్రబ్. పది సెకన్లు మెనూ చూపిస్తుంది, ఎవరూ ఏమీ నొక్కకపోతే తనకు రాసిపెట్టిన దాంట్లోకి వెళ్తుంది. ఆ మిషన్‌లో విండోస్ అని రాసుంది. దాన్ని లినక్స్‌కు మార్చాలంటే సెట్టింగుల ఫైలులో మార్చి, అప్‌డేట్-గ్రబ్ అనే కమాండ్ నడపాలి. గ్రబ్ చదివే అసలు ఫైలును అది కొత్తగా రాస్తుంది. మరి నేనేం చేశాను? షాపులో జనం ఉన్నారని తొందరపడి, తయారై ఉన్న ఫైలునే తెరిచి, మెనూ వరసలో విండోస్ అంకె తీసి లినక్స్ అంకె పెట్టి పడేశాను. దీన్ని చేత్తో మార్చొద్దని ఆ ఫైలు పైనే రాసుంటుంది. అది నాకు చెప్పొచ్చేదా అనుకున్నాను!

మూడు వారాల తర్వాత సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆయన ఫోన్.

"తమ్మీ, ఫ్యాన్ తిరుగుతున్న సప్పుడొస్తుంది. మిషన్ మాత్రం మాట్లాడ్తలేదు."

ఆ రోజు పదకొండింటికి ఒక వకీలు ఆఫీసు నుంచి ఆయనకు రికార్డింగు వస్తుంది. విని గంటలో టైపు చేసి పంపితే ఉద్యోగం. భార్య డ్యూటీకి వెళ్లిపోయింది. షాపు షటర్ దించి స్కూటర్ తీశాను.

వెళ్లి చూస్తే విండోస్ పాస్‌వర్డ్ అడుగుతూ నోరు మూసుకుని కూర్చుంది. శనివారం ఆయన లినక్స్ అప్‌డేట్ చేశారట. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ కొత్తది వచ్చినప్పుడు అప్‌డేట్-గ్రబ్ దానంతటదే నడుస్తుంది. ఫైలు కొత్తగా రాసుకుంది, నా అంకె ఎగిరిపోయింది. నెపం అప్‌డేట్ మీద తోసేద్దామని నోటిదాకా వచ్చింది. అంతలో ఆయనే అడిగారు.

"నేనే ఖరాబ్ చేసిన్నా తమ్మీ?"

సిగ్గుతో చచ్చిపోయాను. "లేదు సార్, గలతీ నాది. రాయాల్సిన చోట రాయలే" అన్నాను.

 నేను మిషన్ రీస్టార్ట్ చేసి, మెనూలో లినక్స్ ఎంచుకుని లోపలికి వెళ్లాక ఆయన కీబోర్డు తన వైపు లాక్కున్నారు.

"జెర నన్ను చెయ్యనియ్యి. మళ్ల గిట్లయితే ప్రతిసారి నిన్నే పిల్వాల్నా?"

టైము పదిన్నర. నాకు లోపల ఒకటే పరేషాన్. అయినా పక్కన కూర్చున్నాను. ఆయన సెట్టింగుల ఫైలు తెరిచి, ఒక్కో లైను విని, అంకె మార్చారు. మెనూ వచ్చిన సంగతి తనకెలా తెలుస్తుందని అప్పుడు అడిగారు. ఇన్నేళ్లలో నాకు రాని ప్రశ్న అది. జవాబు ఆ ఫైలు చివర్లోనే ఉంది. మెనూ రాగానే కూత పెట్టించే లైను. ముందు చిన్న గుర్తు పెట్టి దాన్ని ఆపి ఉంచుతారు. పనికిరానిదని ఎప్పుడూ దాటేసేవాడిని. ఆయన ఆ గుర్తు చెరిపి, అప్‌డేట్-గ్రబ్ నడిపి, మిషన్ రీస్టార్ట్ చేశారు.

కీమని చిన్న కూత. ఆయన వేళ్లు మడుస్తూ పది లెక్కపెట్టారు. కాసేపటికి స్క్రీన్ రీడర్ గొంతు విప్పింది. పదకొండుకు ఇంకా పది నిమిషాలున్నాయి. ఆయన ముఖం చూసి నా కళ్లు చెమర్చాయి.

ఆయనకు ఉద్యోగం వచ్చింది. అప్పటినుంచి నేను అడ్డదారిన ఏ ఫైలూ ముట్టుకోలేదు. మిషన్ ఎవరిదైతే వాళ్ల చేతనే మార్పు చేయించి, నేను పక్కన కూర్చుంటాను.

మూడు నెలలకు దేవదానం గారు మళ్లీ ఫోన్ చేశారు. వింటూనే స్కూటర్ తాళాలు తీసుకున్నాను.

"కొత్త కెర్నల్ వచ్చింది తమ్మీ. రీస్టార్ట్ చేసిన. కూత పెట్టింది, మాట్లాడింది. నువ్వు రానక్కర్లేదని చెప్పనీకే చేసిన."

నా షాపుకు పని లేదని చెప్పడానికి ఒకరు ఫోన్ చేయడం అదే మొదటిసారి. ఆ పూట వచ్చినవాళ్లందరికీ చాయ్ తాగించాను.