బొట్టు పెట్టిన పిస్టల్

వైటూకే గండం గడిచి, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మా కోడింగ్ ఉద్యోగాలు నిలబడ్డ రోజులవి. మా షూటింగ్ క్లబ్బులో ఎవరు పాత పిస్టల్ అమ్మాలన్నా ముందు నాకే చూపించేవారు. నా అంచనా తప్పు పోదని నా నమ్మకం. ఇప్పటికీ అంతే.

ఒక ఆదివారం కానింగ్ వేల్‌లో ఉండే డాక్టర్ అంకుల్ రెండు సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒకటి పెద్దది, బాగా వాడినది. రెండోది చిన్నది, కాంపాక్ట్.

"చిన్నది దాదాపు కొత్తదే బాబూ, ఎప్పుడూ సేఫ్‌లోనే ఉంటది. దీనికే ఎక్కువ రేటు రావాలి," అన్నారు.

రెండూ ఖాళీగా ఉన్నాయని చూసుకుని, గొట్టాల్లోకి లైటు వేశాను. "నడుముకి పెట్టుకు తిరగనివ్వని దేశంలో చిన్నదానికి గిరాకీ ఏముంటుంది అంకుల్? గొట్టం పొట్టి, చేతిలో ఎగిరిపడుతుంది, గురి కుదరదు."

అంతలో దాని ఉక్కు మీద రూపాయి బిళ్లంత తుప్పు మచ్చ కనిపించింది. "ఇదేంటి?"

"ఏటా ఆయుధ పూజకి పసుపు బొట్టు పెడతాం. తుడవకూడదు కదా!"

"మరి పెద్దదానికి పెట్టలేదేం?"

"దాన్ని పేల్చిన ప్రతిసారీ తుడిచి నూనె రాస్తాను. బొట్టు నిలవదు."

"అందుకే అది బాగుంది. ఆ తడి పసుపు దీన్ని తినేసింది."

చిన్నదానికి సగం రేటు కూడా రాదని తేల్చి చెప్పి, పెద్దది నేనే కొన్నాను.

ఆ దసరాకి మా ఆవిడ పసుపు గిన్నె పట్టుకొచ్చింది. బొట్టు సేఫ్ తలుపుకి పెట్టమన్నాను.

"మరి లోపలున్నదానికి?"

"దానికి పొద్దున్నే తలంటు పోసేశాను."