పద్నాలుగో నంబరు బోరు

2008 ఫిబ్రవరి 12, మంగళవారం.

మా ఊరి మంచినీళ్ల జాబితాకు కంప్యూటర్ ప్రోగ్రాం రాసిన మాస్టారు పోయిన గురువారం ఒంగోలులో, పాఠం చెబుతుండగా గుండె ఆగి చనిపోయారు. ఆయన సంచిలో నాలుగు నీళ్ల సీసాలు ఉంటే, ఆయన భార్య నిన్న నాకు పంపించారు. వాటిమీద బోరు నంబర్లు ఆయన చేతిరాతలో ఉన్నాయి. ఆ నీళ్లకు ఇంకా పరీక్ష జరగలేదు. అందుకే ఇవాళే రాస్తున్నాను.

లెక్కల టీచరుగా రిటైరయ్యాక నీటి కమిటీ రిజిస్టరు నాకు అప్పగించారు. మా వైపు భూమిలో ఫ్లోరైడ్ ఎక్కువ. చూసుకోకుండా తాగితే పిల్లల పళ్లు మచ్చలు పడతాయి, పెద్దల ఎముకలు వంగుతాయి. పరీక్ష చేసిన బోరుకు అంకె వేస్తాను, చేయనిదానికి అడ్డగీత పెడతాను. మాస్టారు ఒంగోలులో జావా అనే కంప్యూటర్ భాష నేర్పేవారు. ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి వచ్చి నా రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. సీసాలో నీళ్లు పడితే ఎండకేసి ఎత్తి చూసేవారు.

"ఫ్లోరైడ్ కంటికి కనపడదుగా?" అని కసిరాను ఒకసారి.

"తెలుసండీ. చూడకుండా మూత పెట్టబుద్ధి కాదు."

2003 వేసవిలో ఆయన మొదటి జాబితా తీసిచ్చారు. ఫ్లోరైడ్ తక్కువున్న బోరు ముందు వస్తుంది. అన్నిటికన్నా పైన కాలనీ పక్క పద్నాలుగో నంబరు బోరు, ఎదురుగా సున్నా. పంచాయతీ వాళ్లు దానికే కొళాయి బిగించారు. మిరప కోతలకు వెళ్లే మరియమ్మ వచ్చి నన్ను అడిగింది.

"ఆ నీళ్లు మంచియ్యేనా టీచరమ్మా? పిల్లకి కూడా అయ్యే పోస్తన్నా."

"కాగితం మీద సున్నా ఉంది. నిక్షేపంగా తాగండి" అన్నాను. నా రిజిస్టరు తీసి చూడలేదు.

రెండేళ్లు తాగారు. 2005లో ఆ పాత రిజిస్టరుకు అట్ట వేస్తుంటే కనిపించింది: పద్నాలుగో నంబరు ఎదుట అడ్డగీత. ఆ ఆదివారం మాస్టారు గుమ్మం ఎక్కకముందే అడిగాను.

"పరీక్షే చేయని నీళ్లకు సున్నా ఎక్కడిది?"

ఆయన జాబితానూ నా రిజిస్టరునూ పక్కపక్కన పెట్టుకుని సరిచూశారు. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పారు. డేటాబేస్‌లో ఒక్కో బోరుకు ఒక వరుస ఉంటుంది. క్వెరీ వేస్తే, అంటే కావలసింది అడిగితే, ఆ వరుసలు వస్తాయి. ఒక్కో వరుసను జావాలో బోరు అనే ఆబ్జెక్ట్‌గా, అంటే గదులున్న పెట్టెలాంటి దానిగా, మార్చాలి. నంబరు నంబరు గదిలోకి, లోతు లోతు గదిలోకి, ఫ్లోరైడ్ దాని గదిలోకి. ఆ చివరి గదిని ఆయన అంకె మాత్రమే పట్టేలా పెట్టారు. దానికి ఖాళీ అంటే తెలియదు. ఖాళీ వస్తే మాట్లాడకుండా సున్నా వేసుకుంటుంది. చదివిన వెంటనే 'ఇది ఖాళీయా' అని అడగాలట. ఆయన అడగలేదు.

"మీ అడ్డగీత లోపల ఖాళీగా భద్రంగానే ఉందండీ. బయటికి తెచ్చేటప్పుడు నేనే సున్నా చేశాను."

నీళ్లు పరీక్షకు పంపాం. తాగరానివని వచ్చింది. మాస్టారు నాతో కాలనీకి నడిచి వచ్చారు. కొళాయి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లందరి ముందు చెప్పారు.

"తప్పు మిషన్‌ది కాదమ్మా, నాది."

"మిషన్‌దయితే ఏంది, మీదయితే ఏంది మాస్టారూ? తాగింది మేం గదా" అంది మరియమ్మ. నా వైపు తిరిగి, "నువ్వు చెప్పావనే తాగాం టీచరమ్మా" అంది.

ఆమె బిందెలో నీళ్లు పారబోసి వెళ్లిపోయింది.

ఆ వారమే ఆయన ప్రోగ్రాం సరిచేశారు. అయినా అప్పటినుంచి ఏ జాబితా తీసినా ప్రతి సున్నా చుట్టూ పెన్సిలుతో చుట్టి, నా రిజిస్టరుతో సరిచూసుకున్నాకే లేచేవారు. "ఖాళీని ఖాళీగానే మోసుకురావాలండీ, నింపడం తేలిక" అనేవారు. కొత్త బ్యాచ్‌కు మొదటి రోజు ఈ బోరు సంగతే చెప్పేవారని ఆయన భార్య అన్నారు. ఎవరి తప్పో కూడా చెప్పేవారట.

మరియమ్మ కూతురికి పాలపళ్లు ఊడి, పోయినేడు ముందు పళ్లు వచ్చాయి. గోధుమరంగు మచ్చలతో వచ్చాయి. ఆ పిల్ల ఎదురుపడితే మాస్టారు సంచిలో ఏదో వెతుక్కునేవారు. నేనూ అంతకన్నా ధైర్యస్థురాలిని కాదు.

ఇక జరగవలసినవి:

1. నాలుగు సీసాలూ రేపు పొద్దున్నే నేనే ల్యాబుకు తీసుకెళ్లాలి.

2. ఫలితం వచ్చేదాకా జాబితాలో ఆ నాలుగు గడులూ ఖాళీగా ఉండాలి. ఎవరు తొందరపెట్టినా కొళాయి బిగించకూడదు.

3. ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్లలో ఒకరు ప్రోగ్రాం బాధ్యత తీసుకోవాలి. తీసుకునేవాళ్లు ముందు మరియమ్మ ఇంటికి వెళ్లి రావాలి.

4. ఆ పిల్లను పళ్ల డాక్టరుకు చూపించాలి. మాస్టారు చూపిద్దామనే అన్నారు, నేనే వాయిదా వేశాను. శుక్రవారం సమాధి దగ్గరికి మరియమ్మ ఆ పిల్లను తీసుకొచ్చింది. పిల్ల వంగి కుడిచేత్తో మట్టి వేసింది. ఎడమచెయ్యి మాత్రం నోటిమీద నుంచి తియ్యలేదు.