షేర్ ఆటోలో పట్టే లాప్‌టాప్

శ్రీరామ్మూర్తి బీమా కంపెనీ సర్వేయరు. ఆటోనగర్ షెడ్లలో గుద్దుకున్న లారీలను తడిమి చూసి, గోపాలపట్నంలో ఇల్లు చేరేలోపు షేర్ ఆటోలోనే రిపోర్టు రాసేస్తాడు. ఆయన రిపోర్టు వెళితేగాని ఆ బండి మళ్లీ రోడ్డెక్కదు. కానీ పాత లాప్‌టాప్ తెరిచాడంటే మోచేతులు అటొకరికీ ఇటొకరికీ డొక్కలో దిగుతాయి. కొత్తది కొందామని గాజువాకలో షాపుకెళ్తే, సేల్స్‌మన్ దొరబాబు ర్యామ్, ప్రాసెసర్ అంటూ అందుకున్నాడు. "అయ్యి తరవాత సూద్దాం. ముందు నువ్వూ, మీవోళ్లూ వచ్చి నా పక్కన కూకోండి," అన్నాడు శ్రీరామ్మూర్తి. ఇద్దరు పట్టే సోఫాలో నలుగురు ఇరుక్కున్నారు. "ఏటా మొగమాటం? ఇంకా జరగండి. ఆటోలో ఇంత కాళీ ఉంటాదేటి?" ఒక్కో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని టైపు చేశాడు. ఎవరైనా "అబ్బా" అంటే దాన్ని పక్కన పెట్టేశాడు. చివరికి, తెర వెనక్కి మడిస్తే పలకలా అయిపోయే తేలికపాటిది వచ్చింది. దాని మీద పెన్నుతో పేజీ నిండా రాసినా ఎవరూ నోరెత్తలేదు. అదే కొన్నాడు.

మర్నాడు ఆటోలో మోచేతులు దగ్గరికి పెట్టుకుని హాయిగా రాసుకుంటున్నాడు. డ్రైవరు అద్దంలో చూసి, బండి ఆపి, రోడ్డు పక్కనున్న మనిషిని కేకేశాడు. "రా బావా, ఎక్కీ! సారు పక్కన బోల్డు జాగా ఉంది!"