లియోబా ముక్కు

జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్ అడవికొండల్లోని రెంచ్ లోయలో సారా కాచే కుటుంబాలు ఏటా క్రిస్మస్‌కు ముందు ఒక ఆదివారం బస్సు మాట్లాడుకుని వేరే సీమకు పోతాయి. అక్కడివాళ్ళ సారా రుచి చూడటం, తమది చూపించడం, ఎవరిది మేలో తేల్చుకోవడం. బల్ల చుట్టూ మగవాళ్ళు. ఆడవాళ్ళేమో క్రిస్మస్ సంతలో వేడి వైను తాగుతూ, అల్లం రొట్టెలు కొనుక్కుంటూ తిరగాలి. ఈ రూలు ఎవడు పెట్టాడో ఎవడికీ తెలీదు. అరవై ఏడేళ్ళ లియోబా ఆ రొట్టెలు కొనీ కొనీ విసిగిపోయింది.

భర్త అలోయిస్ పోయాక ఇది మూడో చలికాలం. బస్సులో మరిది ఎగోన్ పక్కన చేరాడు.

"వదినా, నీకెందుకీ తంటా? అన్న పోయాడు, బట్టీ నాకిచ్చి హాయిగా కూర్చో."

"హాయిగా కూర్చోడానికి నాకేం రోగం?"

"అయితే పందెం. ఇవాళ రుచి పోటీలో నీ సీసా అందరికన్నా అడుగున పడితే బట్టీ నాది. పడకపోతే మళ్ళీ ఆ మాటెత్తను."

"సరే" అనేసింది లియోబా. అనేశాక తెలిసింది, ఎంత ఒడ్డిందో. పెళ్ళై వచ్చినప్పటినుంచీ ఆ రాగి బట్టీ ముందే బతికింది. అది పోతే ఆమెకు మిగిలేది వంటిల్లే.

ఆ ఏడు వెళ్ళిన ఫ్రాంకోనియా సీమలో వాళ్ళకు ఆతిథ్యమిచ్చింది కిలియాన్ అనే ముసలి రైతు. ఏది ఎవరిదో తెలియకుండా సీసాల మీది కాగితాలు చింపి, సుద్దముక్కతో నంబర్లు వేశాడు. లియోబా సంతకు పోలేదు. తిన్నగా వచ్చి మగవాళ్ళ బల్ల దగ్గర కూర్చుంది. నలుగురూ మొహమొహాలు చూసుకున్నారు. చూసుకోనీ.

ఏడో నంబరు చెర్రీ సారా గుక్కెడు తాగి, ఎగోన్ గ్లాసు కింద పెట్టాడు. కళ్ళు తడిశాయి.

"ఇది మా అన్న చేసిందే. మొదట కారే చెడు సారాని, ఆ తొలి ధారని, ఇంత శుభ్రంగా తీసేసేవాడు ఇక పుట్టడు." అంతలోనే మొహం మాడింది. "వదినా, పాత సీసా పట్టుకొచ్చి మోసం చేస్తావా?"

"ఇది కిందటేటి చెర్రీలతో కాచింది. అప్పటికి మీ అన్న మట్టిలో ఉన్నాడు."

"మరి కాచిందెవరు?"

"నేనే. అంతకుముందు ముప్పై ఏళ్ళూ నేనే. రంపపు మిల్లులో ఉండగా వచ్చిన జ్వరంతో ఆయనకు వాసన తెలియకుండా పోయింది. ఆయన కట్టెలు ఎగదోసేవాడు. నేను అరచేతిలో చుక్కలు రుద్ది, వాసన చూసి, ఇక చాలు అని తలూపేదాన్ని. నలుగురికీ తెలిస్తే సిగ్గని ఏడ్చాడు. అందుకే నోరు మూసుకున్నాను."

"చచ్చినవాడి పరువు తీస్తున్నావు."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. అలోయిస్‌ను ఆమె నిజంగానే ప్రేమించింది. అయినా తల దించలేదు.

"ఆయన బతికున్నన్నాళ్ళూ కాపాడాను. ఇప్పుడు నన్ను నేను కాపాడుకుంటాను."

కిలియాన్ తన కూజాలోంచి కాస్త సారా వంపి ఆమె ముందుకు జరిపాడు. లియోబా రెండు చుక్కలు అరచేతుల్లో రుద్ది, ఘాటు ఆరిపోయేదాకా ఆగి వాసన చూసింది.

"ఆల్‌బుఖారా. మంచి పండు. కానీ తొలి ధార కాస్త కలిసింది, జిగురు వాసన వస్తోంది. ఆ పూట మీరు బట్టీ దగ్గర లేరు కదూ?"

ముసలాయన బుర్ర గోక్కున్నాడు. "ఆవు ఈనుతుంటే కొట్టంలోకి పరిగెత్తానమ్మా. ఆ వాసనను మా వాళ్ళెవరూ పట్టుకోలేకపోయారు."

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. ఎగోన్ నవ్వలేదు, తన నోటితోనే మెచ్చుకుని పందెం పోగొట్టుకున్నాడు. ఏడో నంబరు సీసాను తన వైపు తిప్పుకుని అడిగాడు.

"మరి మీ ఇంట్లో గోడకున్న, అన్న పేరు మీద సారాకు వచ్చిన ఆ పతకాలన్నీ ఎవరివి, వదినా?"

"ఇద్దరివీ. మంట ఆయనది, ముక్కు నాది. ఇప్పుడు మంట కూడా నేనే వేసుకుంటున్నాను, ఎగోన్."